కుదురు కడియం

ఎన్నికలంటే ఈశ్వరమ్మకు పండగ. ఏ పార్టీ గెలిచినా ఆమెకు ఒకటే. ఓటు ఎవరికేశావని అడిగితే నవ్వి ఊరుకునేది. కానీ తేదీలు ప్రకటించారని రేడియోలో చెప్పగానే ఆమె నడకే మారిపోయేది. ఎన్నికలొస్తే ఊళ్ళో లైసెన్సు ఉన్న ప్రతి తుపాకీ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాలి, ఫలితాలొచ్చేదాకా అక్కడే ఉండాలి. ఆమె భర్త రాఘవయ్య కూడా పంట కాపలాకని తీసుకున్న ఒంటిగొట్టం తుపాకీని పాత పంచెలో చుట్టి, బస్సెక్కి వెళ్ళి అప్పజెప్పి వచ్చేవాడు. నడవ గోడకి రెండు మేకులు మాత్రం మిగిలేవి. ఆ మేకుల కింద కూచుని ఈశ్వరమ్మ బియ్యం ఏరుతూ పాడుకునేది. మిగతా రోజుల్లో అమ్మ పాడగా కూతురు ఇందుమతి ఎప్పుడూ వినలేదు.

రాఘవయ్య చెడ్డవాడంటే ఊరు ఒప్పుకోదు. ఆయన భార్య మీద చెయ్యెత్తిన మనిషి కాదు. తుపాకీ మనిషి వైపు తిప్పినవాడు అసలే కాదు. కోపమొస్తే ఒక్కసారి గోడ వైపు చూసేవాడు, అంతే. ఆ చూపుకి ఇంట్లో గొంతులన్నీ దిగిపోయేవి. దిగిన గొంతు మళ్ళీ లేవడం ఈశ్వరమ్మకు చేతకాలేదు. రాఘవయ్య పోయాక, ఆ తుపాకీ లైసెన్సు కొడుకు మాలకొండయ్య పేరున మారాక కూడా, ఆమె పక్కనున్న మనిషికి మాత్రమే వినపడేలా మాట్లాడుతుంది.

ఇందుమతి చదువుకుని విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలైంది. మనిషి ఒంటి మీద భయం ఎక్కడ కనిపిస్తుందనేది ఆమె పని. నాడిలో, చర్మం కింద చెమటలో, వేళ్ళ చివర చల్లదనంలో దాన్ని వెతికి పట్టుకోవడం నేర్చింది. పని చేస్తే కొట్టుకునే గుండె వేరు, బెదిరితే కొట్టుకునే గుండె వేరు. ఆ తేడా పట్టడానికే ఆమె యవ్వనం సగం అయిపోయింది. పట్టాక చేసిన వస్తువే కుదురు కడియం. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టను కుదురు అంటారు కదా, ఆ పేరు పెట్టింది ఆమె సహాయకుడు ఖాసింవలి.

దాన్ని మొదటిసారి పెద్దలకు చూపించింది జిల్లా పోలీసుల ఫైరింగ్ మైదానంలో. ఖాసిం కడియం చేతికి తొడుక్కుని ప్లాస్టిక్ కుర్చీలో కూచున్నాడు. జేబులో వేయించిన వేరుశనగపప్పు ఉంది, అది నములుతున్నాడు. కొంచెం దూరంలో ఇన్‌స్పెక్టర్ తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. తుపాకీ చెక్క మీద పెసరగింజంత దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది. ఆయన గురి చూసి కాల్చాడు. బోర్డుకి చిల్లి పడింది.

"ఇప్పుడు ఖాసింని బెదిరించండి సార్" అంది ఇందుమతి.

ఇన్‌స్పెక్టర్ మీసం సవరించుకుని ఖాసిం మీదికి వెళ్ళి గట్టిగా అరిచాడు. ఖాసిం పప్పు నములుతూనే ఉన్నాడు. దీపం పచ్చగానే ఉంది.

"ఉత్తుత్తిదని నాకు తెలుసు కదా సార్" అన్నాడు ఖాసిం, మర్యాదగా.

అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వి, వెనక్కి రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి మామూలు గొంతుతో అడిగాడు. "బయట చెట్టుకింద ఉన్న స్కూటర్ నీదేనా? ఇన్సూరెన్స్ కాగితం ఉందా?"

ఖాసిం నమలడం ఆగిపోయింది. చేతి కడియం తేనెటీగలా ఝుమ్మంది. తుపాకీ మీద దీపం ఎర్రబడింది. ఇన్‌స్పెక్టర్ ట్రిగ్గర్ నొక్కితే అది రాయిలా బిగుసుకుపోయింది. మైదానమంతా పగలబడి నవ్వింది. ఇందుమతి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వులో ఒక సంగతి ఎవరికీ పట్టలేదు. ఖాసిం భయపడింది తుపాకీని చూసి కాదు.

అప్పటికి జిల్లా అంతా తుపాకుల గొడవతో అట్టుడికిపోతోంది. నల్లమల అంచు పల్లెల్లో అడవిపందులు పంట మీద పడి మొక్కజొన్నా వేరుశనగా దుంపనాశనం చేస్తున్నాయి. ప్రతి రైతుకీ అడిగిన వెంటనే తుపాకీ లైసెన్సు ఇవ్వాలని ప్రభుత్వం చట్టం తేబోతోంది. తేవాలని ఒక ఊరేగింపు, తేవద్దని ఇంకో ఊరేగింపు. రెండూ ఒకే రోజు, ఒకే గడియారస్తంభం దగ్గర. ఆ రోజు ఇందుమతి ఎక్కిన బస్సు మధ్యలో ఇరుక్కుపోయింది. ఆమె దిగి నడవబోయింది. ఇల్లాలి చేతికి కడియం, మొగుడి తుపాకీకి తాళం అని పేపర్లో ఫొటోతో సహా పడి ఉండటంతో రెండు పక్షాలవాళ్ళూ గుర్తుపట్టి ఆపారు.

మొదట ట్రాక్టర్ మీంచి దిగింది రైతుల నాయకుడు వీరనారాయణ. ఎండకి కమిలిపోయిన మనిషి. "అమ్మా, నీ చదువుకో దణ్ణం. నేను చేలో ఉంటా, పంది నా ముందు ఉంటది. పేల్చాలా వద్దా అని ఇంట్లో పప్పు తిరగమోత పెట్టుకునే మా ఆడమనిషి నాడి చెప్పుద్దా? అది తుపాకీయా, ఊతకర్రా?"

"మీ ఇంట్లో ఆడమనిషి కుదురుగా ఉంటే మీ తుపాకీకి అడ్డమే లేదండీ" అంది ఇందుమతి.

"మూడేళ్ళ పంట పోయిన ఇంట్లో కుదురుగా ఉండేదెవరమ్మా?" అన్నాడాయన.

రోడ్డుకి అటు పక్క లూర్దమ్మ టీచరు భర్త ఫొటో గుండెలకి ఆనించుకుని నిలబడింది. ఆయన మొక్కజొన్న చేలో వంగి గడ్డి కోస్తుంటే పందనుకుని పక్క రైతు కాల్చాడు. కాల్చినవాడు ఆయన స్నేహితుడే. "మీ కడియం తుపాకీకి మర్యాద నేర్పుద్దంటున్నారు" అందామె. "మర్యాద నేర్చింది కదా అని ఇంటింటికీ ఒకటి ఇస్తారు. నాకు ఆ మర్యాదంటేనే భయం తల్లీ."

మధ్యాహ్నానికి ఎండ ముదిరి రెండు ఊరేగింపులూ ఒకే మజ్జిగ బండి చుట్టూ చేరాయి. జెండాలు గోడకి ఆనించి అందరూ ఒకే గ్లాసులతో తాగారు. ఇందుమతి కూడా ఒక గ్లాసు తాగి, ఇద్దరినీ ఒప్పించగలిగేది తన కడియమేనని మనసులో గట్టిగా అనుకుంది. కష్టపడి కనిపెట్టినవాళ్ళకి ఆ మాత్రం గర్వం ఉంటుంది.

శాసనసభ వేసిన సంఘం చివరికి ఒక పంటకాలం పరీక్ష చూద్దామంది. ఒక ఊళ్ళో అడిగిన రైతులకి తుపాకులిస్తారు. ప్రతి తుపాకీకీ ఒక కడియం జత. అది ఆ ఇంటి ఇల్లాలి చేతికి ఉంటుంది. ఆమె కుదురుగా ఉంటే తుపాకీ పేలుతుంది, బెదిరితే పేలదు, కడియం తీసి పక్కన పెడితే అసలే పేలదు. ఊరి పొలిమేరల దాకా అది అందుతుంది. ఏ ఊరు అనేసరికి పెద్దగా తర్జనభర్జన జరగలేదు. ఇందుమతి పుట్టిన ఉలవలపల్లెలో ఆమె తమ్ముడు మాలకొండయ్యే ముందుకొచ్చాడు. "మా అక్క చేసింది మేం తొడుక్కోకపోతే ఇంకెవరు తొడుక్కుంటారు?" అని నాన్న తుపాకీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఖాసిం దాని కడుపు విప్పి లోపల తాళం అమర్చాడు. మాలకొండయ్య భార్య వెంగమ్మ చెయ్యి చాపింది.

"గాజుల మధ్యలో వేసుకోనా వదినా, ముందు వేసుకోనా?"

"నీ ఇష్టం" అంది ఇందుమతి.

"ఈ ఇంట్లో నా ఇష్టమని ఒక వస్తువు రావడం ఇదే మొదలు" అని వెంగమ్మ నవ్వింది. సరదాగానే అంది. నడవలో కూచున్న ఈశ్వరమ్మ మాత్రం తలెత్తి కోడల్ని చూసింది.

పంట మోకాలెత్తు వచ్చాక ఇందుమతి ఊరెళ్ళింది. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఒకామె, తన మొగుడు ఇప్పుడు చేనికి వెళ్ళేముందు కూర బాగుందని చెప్పి మరీ వెళ్తున్నాడంది. ఇంకొకామె, తాగొస్తే తుపాకీ ముట్టుకోవడమే మానేశాడంది. నవ్వులే నవ్వులు. అందరికంటే చివర వెంగమ్మ ఆమె చెవిలో అసలు సంగతి చెప్పింది.

"సుబ్బరాయుడు బాబాయి ఏం చేశాడో ఎరుగుదువా? కడియాన్ని పిన్ని చేతినుంచి తీసి గేదె తోక మొదట్లో కట్టాడు. పశువుల డాక్టరు గేదె నాడి అక్కడే కదా చూసేది! గడ్డి ఏసినంతసేపూ దానికి భయమేంది? దీపం ఎప్పుడు చూసినా పచ్చగానే ఉంటదంట. పిన్నికంటే గేదె నయమని ఊరంతా చెప్పుకుంటన్నాడు."

ఇందుమతి తల పట్టుకుంది. మనుషులు ఎన్ని ఎత్తులు వేస్తారో ముందే ఊహించి ప్రతిదానికీ గొళ్ళెం పెట్టిందామె. గేదె తోక మాత్రం ఆమె ఊహకి అందలేదు. వెంటనే ఖాసింకి ఫోన్ చేసింది. మనిషి నాడి తప్ప మరే నాడీ చెల్లకుండా కడియాల లెక్క మార్చాలి, అది లాబ్‌లోంచే పంపవచ్చు.

"రేపు పంపించేస్తా మేడం" అన్నాడు ఖాసిం. అతని రేపులు ఎలాంటివో లాబ్‌లో అందరికీ తెలుసు.

మొక్కజొన్న కంకి పాలుపోసుకున్నప్పుడు ఫోన్ వచ్చింది. అవతల వెంగమ్మ. మాటలు అర్థం కాలేదు, ఏడుపు ఒక్కటే అర్థమైంది. ఇందుమతి ఉన్నపాటున బయల్దేరింది. ఆస్పత్రి వరండాలో బల్ల మీద, చీర కొంగు నిండా ఎండిన రక్తంతో కూచుని, వెంగమ్మ జరిగింది చెప్పింది.

పొద్దుగూకే వేళ. మాలకొండయ్య చేనికి వెళ్ళాడు. చేను ఇంటికి కూతవేటు దూరం. వెంగమ్మ పొయ్యి ముట్టిస్తుంటే కుక్కలు మొరిగాయి. ఆ తర్వాత ఆయన కేక. పిల్లలతో ఉన్న తల్లిపంది తిరగబడింది. కేక విన్న క్షణంలో వెంగమ్మ చేతి కడియం ఝుమ్మంది.

"అప్పుడు తెలిసింది వదినా నాకు. నేను భయపడితే ఆయన తుపాకీ బిగుసుకుపోద్ది. నేను భయపడేది ఆయన కోసమే. ఆయన కోసం నేను భయపడటం వల్లే ఆయన చేతిలో తుపాకీ పనిచెయ్యట్లా." వెంగమ్మ అరచేతులు చూసుకుంది. "నిలబడి గుండెకి చెప్పుకున్యా. నెమ్మదించవే, ఒక్క నిమిషం నెమ్మదించవే అని. వింటదా అది? కడియం ఇంకా గట్టిగా మోగింది. అత్తమ్మ పరిగెత్తుకొచ్చి నాకియ్యి అని తన చేతికేసుకుంది. ఆయన ఆమె కడుపున పుట్టినోడు కదా. ఆమె చేతిలో ఇంకా ఎక్కువ మోగింది."

"మరి?"

"గేదె" అంది వెంగమ్మ. "సుబ్బరాయుడు బాబాయి మాట గుర్తొచ్చింది. కొట్టంలోకి పోయి గేదె తోకకి కట్టా. రెండుసార్లు జారిపోయింది. అది చక్కా నెమరేసుకుంటా ఉంది. కడియం నోరు మూసుకుంది. అప్పుడు చేలో తుపాకీ పేలిన చప్పుడు వినపడింది."

పంది చచ్చింది. మాలకొండయ్య బతికాడు. తొడ కండ మాత్రం నిలువునా చీలిపోయింది. ఇక ఆ కాలు మునుపటిలా నడవదని డాక్టరు అప్పటికే చెప్పేశాడు.

ఇందుమతి బయటికొచ్చి ఖాసింకి ఫోన్ చేసింది. "ఆ మార్పు... మనిషి నాడి తప్ప... పంపించావా?"

"తప్పయిపోయింది మేడం. ఇంకా పంపలేదు. ఇయ్యాలే కూచుంటా."

ఆమె అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఖాసిం ఆ పని చెప్పినట్టే చేసి ఉంటే ఈపాటికి తమ్ముడు ఉండేవాడు కాదు. తన తెలివి తమ్ముణ్ణి చంపబోతే ఒక బద్ధకమూ ఒక గేదే కలిసి కాపాడాయి. ఈ ముక్క ఎవరితో చెప్పుకుంటుంది?

తర్వాత వారాలపాటు ఇందుమతీ ఖాసిమూ లాబ్‌లో ఒకే ప్రశ్నతో కుస్తీ పట్టారు. మనిషిని చూసి పుట్టే భయానికీ, మనిషి కోసం పుట్టే భయానికీ ఏదైనా తేడా ఉందా? ఎందరినో కూచోబెట్టి చూశారు. ఖాసిం భార్య మెహరున్నీసా వచ్చి కడియం తొడుక్కుంది. ఖాసిం వర్షంలో స్కూటర్ మీద వెళ్తున్నాడని చెప్పగానే కడియం మోగింది. చిన్నప్పుడు కొట్టిన మేనమామ ఇంటికొస్తున్నాడని చెప్పినా మోగింది. రెండు నాడి గీతలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎవరి కోసం కొట్టుకుంటోందో గుండె చెప్పదు మేడం" అన్నాడు ఖాసిం. "అడిగితే నోరు చెప్పుద్ది. అంతే."

ఇందుమతి అతని వైపు చూసింది. నిజానికి అతని స్కూటర్ కాగితాల రోజే ఈ సంగతి అర్థమై ఉండాల్సింది. ఆమెకు చిన్నతనం నుంచి తెలిసిన భయం ఒక్కటే, నడవ గోడ కింద అమ్మ పడిన భయం. లోకంలో ఆడవాళ్ళ భయమంతా అదేననుకుని తాళం చేసింది. అమ్మ కూడా ఎన్నో రోజులు ఆయన ఇంకా రాలేదేమని వీధి వైపు చూస్తూ కూచున్న సంగతి ఆమె మర్చిపోయింది.

బయట ఊరేగింపులకి కొత్త ఊపొచ్చింది. వీరనారాయణ మనుషులు మాలకొండయ్య ఫొటోని నిలువెత్తున అచ్చు వేయించారు. "భయం ఇంట్లో, పంది చేలో, తాళం తుపాకీలో" అని పాట కట్టారు. లూర్దమ్మ మనుషులు తుపాకీయే లేకపోతే అతను ఒంటరిగా పందికి ఎదురెళ్ళేవాడు కాదు కదా అన్నారు. రెండూ నిజమే, అదే ఇందుమతికి నిద్ర పట్టనివ్వలేదు. సంఘం నుంచి కబురొచ్చింది. తుపాకీ చెక్కలో ఒక చిన్న మీట పెట్టండి, ఆపద వస్తే యజమాని దాన్ని నొక్కి తాళం తీసుకుంటాడు. మీట పెడితే చట్టం గట్టెక్కుతుంది, మీ కడియం రాష్ట్రమంతా వెళ్తుంది. లేదంటే పరీక్ష ఇక్కడితో సరి.

మీట తయారైంది. అది తయారు చెయ్యడం ఒక పూట పని. దాన్ని ముందు తమ్ముడి తుపాకీలోనే పెట్టి, మర్నాడు సంఘం ముందు చూపించాలి. దాన్ని సంచిలో వేసుకుని ఇందుమతి ఉలవలపల్లె బస్సెక్కింది. దారంతా ఆమె సంచిలోకి చెయ్యి పెట్టి దాన్ని తడుముతూనే ఉంది. తాళంచెవి తుపాకీ పట్టినవాడి చేతికే ఇచ్చాక ఇంక తాళమెందుకు? ఇవ్వకపోతే తమ్ముడిలాంటివాడు ఇంకొకడు గేదె దొరక్క చస్తాడు.

మాలకొండయ్య నడవలో మంచం మీద కూచుని ఉన్నాడు. కాలు దిండు మీద ఉంది. ఎదురుగా గోడకి తుపాకీ. పెసరగింజ దీపం పచ్చగా ఉంది. వంటింట్లో వెంగమ్మ, ఈశ్వరమ్మ చిక్కుళ్ళు ఒలుస్తున్నారు.

ఇందుమతి మీట తీసి అతని అరచేతిలో పెట్టి, అదేమిటో చెప్పింది. "నీ కాలు తీసుకున్న తాళాన్ని తీసే మీట ఇది. దీని సంగతి ముందు నిన్నే అడగాలి కదా."

మాలకొండయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అక్కా, నీకొకటి చూపిస్తా. ఆ దీపం వైపే చూడు." అని, వంటింటి వైపు తిరిగి మామూలుగా పిలిచాడు. "వెంగమ్మా! మంచినీళ్ళు!"

పెద్దగా అరవలేదు. తిట్టలేదు. ఊళ్ళో ఏ మగవాడైనా పిలిచే పిలుపే. గోడ మీద దీపం ఎర్రబడింది. కొద్దిసేపు ఎర్రగా ఉండి, నెమ్మదిగా పచ్చబడింది. వెంగమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, ఇందుమతిని చూసి నవ్వి వెళ్ళిపోయింది.

"చూశావా" అన్నాడు మాలకొండయ్య. అతని కళ్ళలో నీళ్ళు నిలిచాయి. "చేలో ఉన్నప్పుడు దీపం ఎవరు చూశారు? ఆస్పత్రి నుంచి వచ్చి ఇక్కడ పడ్డా కదా, పొద్దస్తమానం దాన్నే చూస్తన్నా. నేను దగ్గితే ఎర్రబడదు. నొప్పని మూలిగితే ఎర్రబడుద్ది, అది నా మీద బెంగ, నాకు తెలుసు. కానీ పేరు పెట్టి పిలిచినా ఎర్రబడుద్దక్కా. పెళ్ళయి పన్నెండేళ్ళు. ఒక్క దెబ్బ కొట్టలా. నేను నాన్నలాంటోణ్ణి కానని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పేవోణ్ణి."

నాన్న కూడా అలాగే చెప్పుకునేవాడని ఇద్దరికీ తెలుసు.

అతను మీట ఆమె చేతిలో తిరిగి పెట్టాడు. "ఇది వద్దు. తుపాకీయే వద్దు. టేషన్లో ఇచ్చేస్తా, లైసెన్సుతో సహా. పందుల సంగతి పందుల సంగతే. డబ్బాలు కొట్టుకుంటామో, ముళ్ళకంచె వేసుకుంటామో, సగం పంట వదులుకుంటామో. వీరనారాయణ నన్ను తిడతాడు, తిట్టనీ. నాకు ఒక్కటే కావాలి. ఆ దీపం ఊడదీసి ఇక్కడ గోడకి పెట్టు. కడియం వెంగమ్మ చేతికే ఉండనీ. నేను ఎప్పుడు బెదరగొడుతున్నానో నాకు తెలియాలి కదా."

ఆ మాట విని ఇందుమతి మనసు పొంగిపోయింది. ఇన్నేళ్ళ కష్టం ఇందుకేనేమో అనిపించింది. తాళం ఓడిపోతే ఓడిపోనీ, దీపం గెలిచింది. రేపు సంఘం ముందు ఈ మాటే చెబుతుంది. తుపాకుల్లేని ఇళ్ళలో కూడా దీపాలు పెట్టవచ్చు. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసింది.

"నేనొప్పుకోను."

వెంగమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. దీపం ఎర్రగా ఉంది. ఎర్రగా ఉన్నా ఆమె కదల్లేదు.

"నా గుండెలో ఏముందో గోడకి దీపం పెట్టి చూపించుకోవడం నాకిష్టం లేదు. వచ్చేవాళ్ళు చూస్తారు, పొయ్యేవాళ్ళు చూస్తారు. రేపు పుట్టింటి మీద బెంగపడితే ఎర్రబడుద్ది, కలొస్తే ఎర్రబడుద్ది, ఎందుకెర్రబడ్డదో ఈయనకి చెప్పుకోవాల. ఇన్నాళ్ళూ నా భయం ఎవరికీ కనపళ్ళా. ఇప్పుడు ఊరందరికీ కనపడాలా? రెండూ ఒకటే వదినా."

"మరి నాకెట్టా తెలిసిద్ది?" అన్నాడు మాలకొండయ్య. చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అడుగు" అంది వెంగమ్మ. "నోటితో అడుగు. భయంగా ఉందా అని ఒక్కసారన్నా అడిగావా? అడిగితే చెప్పనా? మొదట్లో చెప్పకపోవచ్చు. మళ్ళీ అడుగు."

వెంగమ్మ వచ్చి ఇందుమతి ముందు చెయ్యి చాపింది, తొడుక్కున్న రోజు చాపినట్టే. ఇందుమతి కడియం విప్పింది. ఆ మణికట్టు మీద కడియం ఉన్నచోట చర్మం తెల్లగా ఉంది. అడిగితే నోరు చెప్పుద్దని ఖాసిం అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. అతను లాబ్‌లో ఊరికే అనేసిన మాట. దాన్ని వినడానికి ఆమెకు ఇంత దూరం రావాల్సివచ్చింది. తన కడియం ఇంక ఎవరి చేతికీ ఎక్కదని ఆమెకు అక్కడే తెలిసిపోయింది. బాధగా ఉంది. చాలా బాధగా ఉంది. కానీ మర్నాడు సంఘం ముందు ఏం చెప్పాలో మాత్రం ఇక వెతుక్కోనక్కర్లేదు.

సాయంత్రం ఆటోలో మాలకొండయ్యా ఇందుమతీ స్టేషన్‌కి వెళ్ళారు. తుపాకీని ఎప్పటిలాగే పాత పంచెలో చుట్టారు. రాఘవయ్య చుట్టిన పంచే అది. పంచె విప్పి చూసి హెడ్ కానిస్టేబుల్ ఆశ్చర్యపోయాడు.

"ఇప్పుడు ఎన్నికలేం లేవే?"

"లేవండీ" అన్నాడు మాలకొండయ్య. "ఊరికే."

తిరిగొచ్చేసరికి ఈశ్వరమ్మ నడవలో రెండు మేకుల కింద నిలబడి ఉంది. పొద్దున నడవలో ఎవరేం మాట్లాడుకున్నారో వంటింట్లో ఉన్న ఆమెకు వినపడనే లేదో, విన్నా నమ్మలేదో. కూతురి దగ్గరికొచ్చి, తన అలవాటు ప్రకారం పక్కనున్న మనిషికి మాత్రమే వినపడేలా అడిగింది.

"ఎన్నికలొచ్చినాయా?"

"లేదమ్మా."

"మళ్ళీ ఎప్పుడు తెస్తాడు? ఫలితాలొచ్చాకా?"

"తేడమ్మా. ఇచ్చేశాడు. ఇంక రాదు."

ఈశ్వరమ్మ కూతుర్ని చూసింది. గోడని చూసింది. ఒక మేకుని వేలితో ముట్టుకుని చూసింది. తర్వాత మెల్లగా నడిచి వీధి గుమ్మంలోకి వెళ్ళింది. మాలకొండయ్య ఇంకా ఆటో దిగుతూనే ఉన్నాడు. చేతికర్ర జారి, మంచికాలికి నేల వెతుక్కుంటున్నాడు.

"ఒరేయ్ కొండయ్యా!" అని ఈశ్వరమ్మ కేకేసింది. "ఆ కాలు ముందు పెట్టబాక! చెవుడా ఏందిరా నీకు? ఆగు, వస్తన్నా!"

ఎదురింటి అరుగు మీద చుట్ట కాలుస్తున్న సుబ్బరాయుడు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. వంటింట్లోంచి వెంగమ్మ చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది. ఏమైందోనని ఇద్దరు ముగ్గురు వాకిళ్ళలోకి వచ్చి చూశారు. ఏమీ కాలేదు. తన తల్లికి అంత గొంతు ఉందని ఇందుమతికి అప్పటిదాకా తెలియదు.